పత్యం సంగతి అడగలేదు

గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి సర్జికల్ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేరిన నాలుగో ఏడు, ఫిబ్రవరి రెండో వారంలో, ప్లాస్టిక్ సర్జరీ మంచాలు కూడా నా కిందికి వచ్చాయి. అవి ఆరు. స్టాఫ్ నర్సులు షిఫ్టుల వారీగా మారతారు, ఇన్‌ఛార్జి మారదు. రోగి వార్డులోకి వచ్చిన దగ్గర నుంచి డిశ్చార్జి కాగితం మీద సంతకం పడేదాకా జరిగే ప్రతిదానికీ ఇన్‌ఛార్జే జవాబు చెప్పాలి. అప్పటికి నేను ముప్పయ్యేళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. కింద రాసినదంతా ఆ ఏటి డైరీ ముందు పెట్టుకొని రాసినదే.

ఆ వారమే పద్మ మూడో నంబరు మంచానికి వచ్చింది. వినుకొండ అవతల ఒక ఊళ్లో వాళ్లకు మిరపతోట ఉంది. వయసు ముప్పై తొమ్మిది. రెండేళ్ల కిందట బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకొని, మనిషి సగానికి సగం తగ్గింది. కొవ్వు పోయింది గానీ చర్మం పోలేదు. పొత్తికడుపు మీది చర్మం ముడతలు పడి తొడల మీదికి వేలాడేది. ఆ మడతల కింద చెమట నిలిచి పుండ్లు పడేవి. కల్లంలో మిర్చి ఆరబోసే రోజుల్లో ఆ ధూళి మడతల్లోకి చేరి నిప్పు పెట్టినట్టు మండేదట. కిందటి సీజనంతా ఆమె కల్లం గడప తొక్కలేదు.

"ఊళ్లో వాళ్లు ఏమన్నారో తెలుసా సిస్టర్? వదులైన జాకెట్టుకు కుట్టు వేయించుకున్నట్టు ఒంటికి కూడా వేయించుకుంటున్నావా అన్నారు. అందానికి కాదు, నా కల్లంలో నేను నిలబడటానికి వచ్చాను" అంది చేరిన రోజున.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. వేలాడే చర్మాన్ని కోసి తీసేసి, మిగిలినదాన్ని కిందికి లాగి, ఒక నడుము ఎముక నుంచి రెండో నడుము ఎముక దాకా కుట్టారు. లోపల ఊరే నీరు బయటికి రావడానికి రెండు గొట్టాలు పెట్టారు. వాటి చివర ఉండే బుడ్డిలో ఎంత నీరు చేరిందో పూటపూటా కొలిచి రాయాలి. కడుపు చుట్టూ బిగువైన పట్టీ ఆరు వారాలు ఉండాలి. మొదటి వారం రోగి నిటారుగా నిలబడకూడదు, కుట్టు లాగేస్తుంది. నడుము వంచే నడవాలి.

రెండో రోజు ఆమెను లేపి నడిపించాను. వంగి నాలుగడుగులు వేసి, "మిరపకాయలు కోసినన్నాళ్లూ ఇలాగే నడిచాను లెండి, కొత్తేం కాదు" అంది. పక్క మంచం వాళ్లు కూడా నవ్వారు. కూడా ఉన్నది వాళ్లమ్మ కోటమ్మ. తన భర్త పోయాక ఆవిడ పద్మ ఇంట్లోనే ఉంటోంది. ఆ ఇంట్లో వంటంతా ఆవిడదే. "నవ్వకే, కుట్లు తెగుతాయి" అని కూతుర్ని కసిరి, తనూ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఆరో రోజున గొట్టాలు తీసి పంపించాం. డిశ్చార్జి కాగితంలో పదకొండు గళ్లు ఉంటాయి. మందులు, పట్టీ, నడక, స్నానం, ఇలా ఒక్కొక్కటీ రోగికి చెప్పి టిక్కు పెట్టాలి. తొమ్మిదో గడి ఆహారం. ఈ రోగుల పొట్ట చిన్నది, తినేది గుప్పెడు. ఆ గుప్పెట్లోనే గుడ్డు, పప్పు, పాలు, చేప ఉండాలి. అవి లేకపోతే గాయం కూడుకోదు. అదంతా పద్మకు చెప్పాను. ఆమె నొప్పి మాత్ర మత్తులో తల ఊపింది. కోటమ్మ అప్పుడు సంచులు తీసుకొని కిందికి వెళ్లి ఉంది. నేను టిక్కు పెట్టాను.

ఇంటికి పంపిన ఎనిమిదో రోజున మళ్లీ తీసుకొచ్చారు. జ్వరం. పట్టీ విప్పితే కుట్టు మధ్యన అరచేయంత మేర విచ్చుకుంది, అంచులు నల్లబడ్డాయి. రక్తపరీక్షలో మాంసకృత్తులు బాగా తక్కువ ఉన్నాయి. ఇంట్లో ఏం పెడుతున్నారని కోటమ్మను అడిగాను.

"పత్యమేగా నర్సమ్మా. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి. సాయంత్రం బ్రెడ్డు. పప్పు ముట్టనివ్వలేదు. గుడ్డయితే వాసన కూడా తగలనివ్వలేదు. పప్పు తింటే కోసిన చోట చీము పట్టదూ?"

ఆవిడ గొంతులో ఎంత జాగ్రత్తగా చేశానో అన్న గర్వం ఉంది. అప్పుడు నేనన్న మాట డైరీలో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. "మీ పత్యమే ఆ అమ్మాయి కడుపు విప్పేసింది." పద్మ మంచం మీద వింటూనే ఉంది. నొప్పితో పళ్లు బిగపట్టి, "విన్నావా అమ్మా? నువ్వే చేశావు. ఇంక నీ చేతి కూడు నాకొద్దు" అంది. కోటమ్మ తెచ్చిన కారేజీ మూత పెట్టి మంచం కిందికి తోసింది.

నల్లబడిన అంచులు కత్తిరించి, రోజూ కడిగి కట్టు కట్టాం. మూడు వారాలు వార్డులోనే ఉంది. ఆస్పత్రి క్యాంటీన్ భోజనమే తింది. కోటమ్మ నాలుగు రోజులు వరండాలో కూర్చుంది. ఐదో రోజున చీరాల వైపు చిన్న కూతురి ఇంటికి వెళ్లిపోయిందని పద్మ భర్త చెప్పాడు. వార్డులో ఒక మనిషి తగ్గితే డ్రెస్సింగు పని సులువవుతుందనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఏప్రిల్‌లో పాత కేసు కాగితాలు సర్దుతుంటే పద్మ డిశ్చార్జి కాగితం కనిపించింది. తొమ్మిదో గడిలో టిక్కు నాది. ఆహారం సంగతి నేను చెప్పింది తినే మనిషికి, వండే మనిషికి కాదు. ఇంట్లో ఏ పత్యం పాటిస్తారని అడగనే లేదు. నేనూ ఈ జిల్లాలోనే పుట్టాను. నా మొదటి కాన్పులో మా అమ్మ నాకు పెట్టినదీ ఆ వెల్లుల్లి కారమే. తెలియక జరిగిన పొరపాటని చెప్పుకోవడానికి కూడా లేదు. తర్వాతి చెకప్‌కు పద్మ వచ్చినప్పుడు కోటమ్మను కూడా పిలిపించి చెప్పాలనుకున్నాను. ఆ చెకప్‌లు డ్యూటీ డాక్టరు చూసి పంపించేశారు. నేనూ కబురు చేయలేదు.

ఆగస్టులో పద్మ చివరి చెకప్‌కు వచ్చింది. గాయం పూర్తిగా మానింది. మధ్యలో వెడల్పాటి మచ్చ మిగిలింది, బొడ్డు ఒక పక్కకు జరిగింది. నిటారుగా నిలబడింది. వచ్చే సీజనుకు కల్లంలోకి వెళ్లొచ్చని సర్జన్ గారు చెప్పారు. ఆమె సరేనంది, అంతే. కట్ల గదిలో నేను ఆ టిక్కు సంగతి చెప్పాను. తప్పు మీ అమ్మది కాదు పద్మా, అడగవలసినదాన్ని నేను, ఆవిణ్ణి ఒకసారి తీసుకురా, నేనే చెబుతాను అన్నాను.

పద్మ చీర సర్దుకుంటూ, "అమ్మ పోయింది సిస్టర్. జూలైలో. పక్షవాతం వచ్చింది, రెండు రోజులే ఉంది" అంది. "నాకు మీరు చెప్పారు గుడ్డు తినమని. గుర్తుంది. చీము పడుతుందని నాకూ భయమే. అమ్మను పెట్టమని అడగలేదు. మాట మాత్రం అమ్మనే అన్నాను. చెల్లెలి ఇంట్లో కూడా మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లలేదట. వండమంటే, నా చెయ్యి మంచిది కాదమ్మాయ్ అనేదట" అంది.

మచ్చకు రాసుకునే మందు ఎలా వాడాలో చెప్పి పంపించాను.

ఆ నెల నుంచి మా వార్డులో తొమ్మిదో గడిని రెండుగా చీల్పించాను. మొదటిది: ఇంట్లో వండేది ఎవరు, వాళ్లను కూర్చోబెట్టి చెప్పామా. రెండోది: ఆపరేషన్ అయినవాళ్లకు ఆ ఇంట్లో ఏవి పెట్టరు. ఈ రెండూ వండే మనిషి నోటి నుంచి విని రాయాలి. రిటైరయ్యే దాకా ఆ పని నేనే చేశాను. వార్డుకు కొత్తగా వచ్చే నర్సులకు ఇంకొకటి కూడా చెప్పేదాన్ని. గాయం ఎందుకు చెడిందో రోగి మంచం దగ్గర ఇంటివాళ్లతో అనవద్దు, ముందు కేసు కాగితం తీసి మన సంతకాలు చూసుకోవాలి. విచ్చుకున్న కుట్టును మళ్లీ మాన్పించే పద్ధతి మాకు తెలుసు. ఆ మంచం దగ్గర కోటమ్మను నేనన్న మాటకు అలాంటి పద్ధతి ఏదీ లేదు.