ఆపా కరెంటు బాజా

నా చిన్నప్పుడు కాగజ్‌నగర్‌లో మా బడి పంద్రాగస్టు కవాతుకు ఆజ్ఞలిచ్చే పని నాకే రావాలని పట్టుబట్టి కూర్చున్నాను. అడుగు వేయడంలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్ప కాదు, నిజమే చెబుతున్నాను. గొంతే సన్నం. నేను "సావధాన్" అని అరిస్తే వెనక వరుసలవాళ్లు దిక్కులు చూసేవారు. రేపు కూడా వినపడకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని డ్రిల్లు సారు తేల్చేశారు.

ఇంటికొచ్చి మిరియాలు, పటికబెల్లం నమిలి, పెరట్లో నిలబడి అరిచాను. అరిచినకొద్దీ గొంతు జీరబోయింది. ఏడుపొచ్చింది.

గోడ అవతల నుంచి పక్కింటి ముస్లిం అక్క పిలిచింది, ఆమెను మేం ఆపా అనేవాళ్లం. వాళ్ల అబ్బాకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆపా పాలిటెక్నిక్ చదువుతూ, ఆ దుకాణంలో మిగిలిన సామానుతో మీటలు నొక్కితే మోగే పెట్టె ఒకటి తయారుచేసుకుంది. మా వాడవాళ్లు దాన్ని కరెంటు బాజా అనేవారు.

"గొంతు పలగొట్టుకుంటవా ఏందే? పోయి గా గేటు కాడ నిలబడు" అంది.

గేటు పక్కనే పిండిగిర్ని రొద. ఆపా మీట నొక్కితే పిల్లనగ్రోవిలాంటి మెత్తని స్వరం వచ్చి ఆ రొదలో కలిసిపోయింది. తర్వాత ఏదో స్విచ్చి వేసి మళ్లీ అదే మీట నొక్కింది. ఈసారి సన్నాయిలా జీరగా, సూటిగా నా చెవిలోకి దూసుకొచ్చింది.

"మోత పెంచినవ్ ఆపా!" అన్నాను.

ఆపా నవ్వి, లోపలికి పిలిచి మోత కొలిచే మీటరు చూపించింది. రెండు స్వరాల మోతా సమానంగా ఉండేట్టు ముందే సరిచూసి పెట్టిందట, మళ్లీ నొక్కితే రెండుసార్లూ ముల్లు ఒకే గీత దగ్గర ఆగింది. అమ్మతోడు, నేను నమ్మలేదు! అప్పుడు పెట్టె మూత తీసింది. లోపల ఆ స్విచ్చికి కలిపి నల్లపూసలంత డయోడ్లు రెండు, ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉన్నాయి. డయోడు కరెంటును ఒక దిక్కుకే పోనిస్తుంది. స్వరపు అల మరీ పైకి లేస్తే ఒకటి, మరీ కిందికి దిగితే రెండోది తెరుచుకుని ఆ ఎక్కువదాన్ని పక్కకు పంపేస్తాయి. కొనలు తెగి అలకు అంచులొస్తాయి. రొదలో కూడా వినపడేవి ఆ అంచులేనట.

"మోత గంతే, రంగు మారింది. నువ్వు గూడ ఒర్లుడు బంద్ జెయ్యి. మాటను పండ్ల కాడ కొయ్యి. ఫికర్ జేయకు, వస్తది" అంది. అంటే అరవకుండా, ఒక్కో అక్షరం పళ్ల దగ్గర తెగినట్టు పలకమని.

ఆ సాయంత్రమంతా తను గేటు దగ్గర నిలబడింది, నేను వాకిట్లోంచి "సావధాన్" అంటూనే ఉన్నాను. వినపడితే చెయ్యి ఎత్తేది. చీకటి పడేసరికి ఎత్తిన చెయ్యి దించడం లేదు.

మర్నాడు మైదానంలో పిల్లలంతా గోలగోలగా ఉన్నారు. నేను అరవలేదు, అన్నానంతే. చివరి వరుస మడమలు కూడా టక్కున కలిశాయి. డ్రిల్లు సారు తన విజిల్ తీసి నా మెడలో వేశారు. ఆ రోజు ఎంత పొంగిపోయానో చెప్పలేను.

పెద్దయ్యాక బస్సు కండక్టరునయ్యాను. జైనూర్ సంత రోజు బస్సు ఎట్లా ఉంటుందో ఎక్కినవాళ్లకే ఎరుక. కాలు పెట్టే సందు ఉండదు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. అంత గోలలో "టికెట్" అని మామూలుగానే అనేదాన్ని. చిట్టచివరి సీటులో కునికే ముసలవ్వ కూడా ఉలిక్కిపడి కొంగుముడి విప్పేది.