తువ్వాలు కింద గది బేరం

గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లు గుమాస్తాగిరీ చేశాను. ఆ ఘాటు పీల్చీ పీల్చీ ఇప్పటికీ పొద్దున లేవగానే ఓ పావుగంట దగ్గుతాను, ఆ తరవాతే మనిషిని. ఆ కొలువులో నాకంటూ అబ్బిన విద్య ఒక్కటే, తువ్వాలు కింద బేరం. కొనడానికొచ్చినవాడూ నేనూ చేతులు కలుపుకుంటాం, పైన తువ్వాలు కప్పుతాం. మాట ఉండదు. వాడు నా వేళ్లు పట్టుకుని ధర చెబుతాడు, నేను వాడి వేళ్లు పట్టుకుని కుదరదంటాను. చుట్టూ పదిమంది నిలబడ్డా లోపల ఏం నడుస్తోందో ఎవరికీ తెలియదు. వేలు బిగిసిందా సడలిందా అన్నదాన్ని బట్టి వాడు ఇంకెంతవరకు వస్తాడో చెప్పేవాణ్ణి. మా కొట్టు యజమాని కూడా కష్టమైన బేరమొస్తే నన్నే పిలిచేవాడు. దాంతో తలకెక్కింది.

యార్డు పద్ధతి ఇంకొకటి ఉంది. మచ్చు చూసి ముందు ధర కుదుర్చుకుంటారు. ఆ తరవాతే అడుగున ఉన్న టిక్కీలు, అంటే కాయల గోతాలు, కోసి కుమ్మరిస్తారు. అందులో రంగు పోయిన తాలుకాయ కనిపించిందా, కొన్నవాడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. తగవు లేదు. ధర ముందు, సరుకు తరవాత, నచ్చకపోతే ఎవరి దారి వాళ్లది. ఇది నా ఒంట్లో ఇంకిపోయింది.

రెండువేల ఎనిమిదీ తొమ్మిదీ ఆ ప్రాంతం రోజులవి. సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాయి గానీ ఇంటర్నెట్ చూడాలంటే ఇంకా నెట్ సెంటరుకే పోవాలి. మా ఆవిడ మిషన్ స్కూల్లో టీచరు. ఆవిడకి రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ గుంటూరులోనే అయిపోయింది. ఇంజెక్షన్లకి మాత్రం హైదరాబాదు వెళ్లమన్నారు. మూడు వారాలకొకటి చొప్పున మొత్తం ఆరు. పొద్దున ఏడింటికల్లా రక్తం ఇవ్వాలి, అది బాగుంటే ఆ రోజే ఎక్కిస్తారు. రోజు తప్పిపోతే మందు పని మందగిస్తుందని డాక్టరు గారు వేలు చూపించి మరీ చెప్పారు. సరిగ్గా సీజన్లో వచ్చి పడింది ఇది. యార్డులో లారీల మీద లారీలు దిగుతుంటే నేను సెలవు చీటీ పట్టుకుని యజమాని ముందు నిలబడేవాణ్ణి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆసుపత్రికి ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగాం. మొదటి అంతస్తు, వీధి వైపు గది. గోడ ముట్టుకుంటే సున్నం చేతికొస్తుంది. ఫ్యాను తిరుగుతూ ఏదో సణుగుతూ ఉంటుంది. దానికి ఆ లాడ్జి మేనేజరు చెప్పిన రేటు విని నాకు ఒళ్లు మండింది. బేరమాడబోతే ఆయన తల కూడా ఎత్తలేదు. రోగం చూసి రేటు పెడతారు వీళ్లని గది నిండా తిట్టిపోశాను. మా ఆవిడ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, “బానే ఉందిగా అండీ,” అంది. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

తిరిగొచ్చాక మా వీధి చివర నెట్ సెంటర్ నడిపే చెల్లెమ్మ దగ్గర కూర్చుని ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆవిడ ముస్లింల ఆడపడుచు, నన్ను అన్నయ్యా అనేది. హోటల్ గదులు సగం రేటుకే ఇచ్చే సైటు ఒకటి వచ్చిందని ఆవిడే చూపించింది. ఊళ్లో ఏ భాగం కావాలో మనం చెప్పాలి, ఎన్ని స్టార్ల హోటలో చెప్పాలి, ఎంత ఇస్తామో రాయాలి. హోటల్ పేరు మాత్రం వాళ్లు చెప్పరు. మన ధర ఎవరికైనా నచ్చితే కార్డులోంచి డబ్బు లాగేసుకుని అప్పుడు పేరు చూపిస్తారు. నాకు ఒళ్లు పులకరించింది. ఓసి దీని దుంపతెగ, ఇది మన తువ్వాలు బేరమే కదా!

“అన్నయ్యా, ఒకసారి నొక్కాక వెనక్కి లేదంట, చూసుకోండి,” అందావిడ. నేను నవ్వాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికి చెబుతుందేంటి అనుకున్నాను. బ్యాంకువాళ్లు వెంటపడి అంటగట్టిన కార్డు ఒకటి ఉంది, దాని నంబరు కొట్టించాను. ఊరి భాగం దగ్గర, ఎక్కువ హోటళ్లుంటే ధర పడుతుందని మ్యాపులో పెద్ద ముక్కే ఎంచుకున్నాను. ఏముంది, పేరు తెలిశాక నచ్చకపోతే వద్దంటాం. ధర ముందు, సరుకు తరవాత.

రెండో నొక్కుకే కుదిరింది. పేరు తేలింది. ఆసుపత్రి ఊరికి ఈ చివరైతే ఆ హోటల్ ఆ చివర. ఫోన్ చేసి మాకొద్దండీ అన్నాను. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, డబ్బు రాదు, హోటలూ మారదు అని చెప్పింది. తువ్వాలు ఎన్నిసార్లు దులిపినా ఆ అమ్మాయికి కనపడదు కదా. రెండో ఇంజెక్షన్‌కి తెల్లవారకముందే లేచి రెండు ఆటోలు మారి ఆసుపత్రికి చేరుకున్నాం. దారి పొడుగునా మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకునే ఉంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్కడితో బుద్ధి రావాలి. రాలేదు. మూడోసారి అదృష్టం బాగుండి ఆసుపత్రికి కాస్త దగ్గర్లోనే పెద్ద హోటల్ తగిలింది. పాలరాయి నేల, స్నానాల తొట్టి, తలగడ మీద చాక్లెట్. నేను రాసిన ధర లాడ్జి రేటు కన్నా తక్కువ. యార్డులో వారం రోజులు ఇదే ముచ్చట. కాయ అమ్ముకోవడానికి వచ్చిన రైతులకి కూడా స్నానాల తొట్టి గురించి చెప్పాను, వాళ్లు పాపం విన్నారు. మా ఆవిడ ఆ తొట్టిలోకి దిగలేదు, దిగితే లేవలేనంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నాలుగోసారికి ముందు ఆవిడ నోరు తెరిచి అడిగింది. ఆ లాడ్జికే పోదామండీ అంది. ప్రయాణానికి ముందు ప్రార్థన చేసుకోవడం మా ఇంటి అలవాటు. మోకాళ్ల మీద కూర్చుని, ఏ గదిలో దిగుతామో తెలియకుండా ఏమని ప్రార్థన చెయ్యనండీ అని కూడా అంది. దేవుడికి అడ్రసు చెప్పక్కర్లేదులే అని ఎగతాళి చేశాను. ఈ ఒక్కసారికీ అని మళ్లీ వెళ్లి నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. చింత చచ్చినా పులుపు చావలేదు.

ఆసారి ముందురోజు రైలుకి టికెట్లు దొరకలేదు. రాత్రి బండికి వెళ్లి తిన్నగా ఆసుపత్రికే చేరాం, సంచులతో సహా. పన్నెండయ్యేసరికి ఇంజెక్షన్ పూర్తయింది. అక్కణ్ణించి హోటల్‌కి ఆటోలో గంటకు పైనే పట్టింది. ఎండ నిప్పులు చెరుగుతోంది, ట్రాఫిక్ కదలదు. ఆవిడ మూడుసార్లు వాంతి చేసుకుంది. నేను క్యారీ బ్యాగు పట్టుకుని, ఆవిడ మనసు మళ్లిద్దామని, ఈ హోటల్ ఎంతకి పట్టానో తెలుసా అని కథ మొదలుపెట్టాను. ఆ తెలివికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

హోటల్లో కౌంటరు దగ్గర అబ్బాయి, చెక్-ఇన్ రెండింటికండి, గది ఇంకా శుభ్రం చేస్తున్నారు అన్నాడు. నేను చెప్పాను, బతిమాలాను, అరిచాను. వాడు కంప్యూటర్‌లో చూసి మీది ఆఫర్ బుకింగ్ అండి అన్నాడు. నేను వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ అక్కడి సోఫా మీద పక్కకి ఒరిగి పడుకుంది. తలకి చుట్టుకున్న గుడ్డ జారిపోయింది. యూనిఫాం వేసుకున్నతను వంగి, అమ్మా ఇక్కడ పడుకోకూడదు, లేచి కూర్చోండి అంటున్నాడు. ముప్పై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టీ కూర్చోబెట్టీ పాఠాలు చెప్పిన మనిషి, సరే బాబూ అని లేచి కూర్చుంది.

పక్కన కూర్చున్నాను. ఆవిడే నెమ్మదిగా, గుడ్డ సర్దుకుంటూ అంది.

“ఎంతకి గెలిచారో నాకు చెప్పొద్దండీ. ఎంత దూరమో చెప్పండి.”

నాకు ఏడుపొచ్చింది. ఇరవై రెండేళ్లు పరాయివాళ్ల వేళ్లు పట్టుకుని వాళ్ల మనసులో ఏముందో కనిపెట్టానని విర్రవీగినవాణ్ణి. రెండో ఇంజెక్షన్ నాడు ఆటోలో నా చొక్కా చెయ్యి పట్టుకున్న వేళ్లు నాకేం చెప్పలేదా? చెప్పే ఉంటాయి.

ఐదోసారికి ముందు నెట్ సెంటర్ వైపు పోలేదు. చెల్లెమ్మ దారిలో కనబడి, ఈసారి గది పట్టరా అన్నయ్యా అంటే, పట్టేశానమ్మా అన్నాను. లాడ్జికి ఫోన్ చేసి వీధి వైపు గదే కావాలని చెప్పాను. వెళ్లాక మేనేజరు రేటు చెప్పాడు. నేను మారు మాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాను. ఆయన మొదటిసారి తలెత్తి నా వంక చూశాడు. బేరమాడని మనిషిని చూసి అనుమానం వచ్చినట్టుంది, మేం ఎన్నాళ్లుంటామని రెండుసార్లు అడిగాడు.

అదే సున్నం, అదే ఫ్యాను. మా ఆవిడ సంచి కూడా దించకుండా కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది. నాకు ఉండబట్టలేదు. ఈ కొంపలో నీకంత ఏం నచ్చిందే అని అడిగాను. మూడు నెలల్లో అడగడం అదే మొదటిసారి.

ఆవిడ కిటికీలోంచి ఆసుపత్రి గేటు చూపించింది.

“పొద్దున లోపలికి వెళ్లినవాళ్లు సాయంత్రం బయటికి రావడం ఇక్కణ్ణించి కనిపిస్తుందండీ. మొదటిసారి వచ్చినప్పుడు కూర్చుని చూశాను. ఎర్ర చీరావిడ వచ్చింది, కర్ర పట్టుకున్న తాతగారు వచ్చారు. అందరూ నడిచే వచ్చారు. నాకు ధైర్యంగా ఉంటుంది.”

నీళ్లు తెస్తానని కిందికి వెళ్లాను. మెట్ల దగ్గర కాసేపు నిలబడి వచ్చాను.

మర్నాడు ఏడింటికి రోడ్డు దాటించి ఆవిణ్ణి లోపల దిగబెట్టాను. ఇంజెక్షన్ ఎక్కించే వార్డులోకి మగవాళ్లని రానివ్వరు. ఎప్పుడూ బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఆవిడే, గదికి వెళ్లి పడుకోండి, పక్కనేగా అంది. గదికి వచ్చాను గానీ పడుకోలేదు. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. కూర్చున్నాను.

గేటులోంచి ఒక్కొక్కరూ వస్తున్నారు. ముసలాయన ఒకాయన, కూతురి భుజం పట్టుకుని ఒకావిడ. ఒక మనిషిని స్ట్రెచర్ మీద అంబులెన్సులోకి ఎక్కించారు, అప్పుడు తల తిప్పుకున్నాను. ఇది కూడా ఆవిడ చూసే ఉంటుంది కదా, నాకు చెప్పలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. యార్డు నుంచి ఫోన్ వచ్చింది, తియ్యలేదు.

రెండు కావస్తుండగా గేటు దగ్గర గోధుమరంగు చీర కనిపించింది. పక్కన ఎవరూ లేరు. గేటు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది, తలెత్తి కిటికీ వైపు చూసింది. నేను అక్కడ ఉంటానని ఆవిడకెలా తెలుసో నాకు తెలియదు. చెయ్యి ఊపి, రోడ్డు దాటించడానికి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.