మందు పడని కరివేపాకు

బొల్లాపల్లి దగ్గర సుబ్బరత్నం బత్తాయి తోటంటే ఒకప్పుడు పేరున్న తోట. మొగుడు పుల్లయ్య మొక్కలు నాటి, తొలికాపు చూసి కన్నుమూశాడు. అప్పట్నుంచీ ఆమెకు కూడూ గుడ్డా అన్నీ ఆ చెట్లే. గట్టు పొడుగునా కరివేపాకు వేసింది. ఊళ్లో ఎవరికి పోపులోకి కావాలన్నా అక్కడే తుంచుకోవాలి. తినేటప్పుడు ఏరి పారేసే ఆకే గానీ, సుబ్బరత్నం దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకునేది. తోటకు మందు కొట్టే అమ్జద్ గట్టు దగ్గరికి వస్తే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఎదురు నిలబడేది.

"ఒరేయ్, ఊరంతా తినే ఆకురా! చుక్క పడిందో, నీ పని చెప్తా."

అంత మంచి మనిషి. ఆ మంచితనమే ఆమె కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు?

నిరుడు బత్తాయి ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపు తిరిగాయి. కాయలు వంకరపోయి చేదెక్కాయి. జింకు లోపమన్నారు కొందరు, నీళ్లు చాలలేదన్నారు ఇంకొందరు. ఆమె అన్నీ చేసింది. ఏం లాభం? చెట్లు కొమ్మల చివర్నుంచి ఎండుకుంటూ వచ్చాయి.

చివరికి నరసరావుపేట నుంచి ఉద్యానశాఖ ఆఫీసరు మాధురి వచ్చింది. చెట్లు చూసి, తిన్నగా గట్టు మీదికి నడిచి కరివేపాకు చిగురు వంచింది. తోక పైకెత్తి కూర్చున్న గోధుమరంగు పురుగులు, నువ్వుగింజంత కూడా లేవు, వేలు తగలగానే ఎగిరి గెంతాయి.

"సిల్లా పురుగు పిన్నీ. చెట్టు నుంచి చెట్టుకు తెగులు మోసిద్ది. దీనికి కరివేపాకంటే ప్రాణం. మీరు తోటకెంత మందు కొట్టినా, ఇక్కడ పడకపోయేసరికి ఇవి ఇక్కడే పెరిగి మళ్లీ చెట్ల మీదికి పోయినయ్."

"తినే ఆకు గదమ్మా... చెట్లన్నా బతుకుతయ్యా?"

"ఈ తెగులు పట్టినాక నయం కాదు పిన్నీ. పీకెయ్యటమే."

జేసీబీ వచ్చిన రోజు సుబ్బరత్నం గట్టు మీద కూలబడి గుండెలవిసేలా ఏడ్చింది. కరివేపాకును మాత్రం తన చేతుల్తోనే, వేళ్లతో సహా తవ్వి తగలబెట్టింది.

సాయంత్రం పక్క పొలం లీలావతి రెండు రెబ్బల కోసం వచ్చి, బోసిపోయిన గట్టు చూసి నోరెళ్లబెట్టింది.

"అయ్యో, ఇయ్యి కూడా పీకేశావా అక్కా! పోనీలే, బెంగ పెట్టుకోమాక. నువ్విచ్చిన పిలకలు మా గట్టున చానా గుబురుగా లేచినయ్. రేపట్నుంచి నీకు నేనే తెచ్చిస్తా."

సుబ్బరత్నం గబాల్న తలెత్తి పక్క పొలం గట్టు వైపు చూసింది. లీలావతిదీ బత్తాయి తోటే. ఈ ఏడే కాపుకొచ్చింది.