కెమెరా చుక్క, అమ్మ పుట్టుమచ్చ

స్టూడియోలో ఫొటోలు తీసేది తమ్ముడు. కంప్యూటరు ముందు కూర్చుని మొహాలు సరిచేసేది అక్క. ఆర్నెల్లుగా ప్రతి ఫొటోలోనూ ఒకే చోట, సరిగ్గా గడ్డం దగ్గర, చిన్న నల్లచుక్క పడుతోంది. లెన్సు ఎంత తుడిచినా పోలేదు. కనిపించగానే చెరిపేయడం అక్క చేతికి అలవాటైపోయింది.

ఆ ఉదయం టైలరమ్మ ఒక పటం తెచ్చి బల్ల మీద పెట్టింది. పోయిన నెల ఇక్కడే తీయించిన వాళ్లమ్మ ఫొటో. ఆవిడ పోయి పది రోజులు.

"ఈవిడెవరండీ?"

"మీ అమ్మగారే కదమ్మా."

"మా అమ్మకి గడ్డం పక్కన పుట్టుమచ్చ ఉంటుంది. చిన్నప్పుడు నేను నొక్కితే 'ట్రింగ్' అనేది. ఈవిడెవరో అద్దెకు తెచ్చిన అమ్మలా ఉంది."

కెమెరా చుక్కే అనుకుని అక్క అప్పుడు ఆ మచ్చనూ చెరిపి, దాని మీదే సేవ్ చేసేసింది. అసలు ఫొటో ఉంటే గింటే కెమెరా కార్డులోనే ఉండాలి. అది నిండితేగానీ ఖాళీ చెయ్యని బద్ధకం తమ్ముడిది. వెంటనే ఫోను చేసింది.

"కార్డు చెరిపావా?"

"నిండిపోయిందక్కా, ఇప్పుడే చెరపబోతున్నా."

"ఆ వేలు తియ్యి. కెమెరా పట్టుకుని వచ్చెయ్."

"ఇక్కడ ఆఫీసోళ్లు ముప్పైమంది వరసలో ఉన్నారే."

"ఉండనీ. నవ్వడం ప్రాక్టీసు చేసుకుంటారు."

వాడొచ్చేదాకా అక్క కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కార్డు తెరిస్తే, గడ్డం పక్కన నువ్వుగింజంత ఎడంలో రెండు చుక్కలు.

"ఇందులో అమ్మదేది?" అంది టైలరమ్మ.

అక్క కెమెరా అందుకుని తెల్లగోడను ఫొటో తీసింది. గోడకు పుట్టుమచ్చలుండవు కదా. అందులోనూ ఒక చుక్క ఉంది. అంటే మచ్చ లెన్సు మీద కాదు, లోపల వెలుతురు పట్టే సెన్సారు పలకలోనే ఒక పిక్సెల్ చచ్చిపోయింది. గోడ ఫొటోను అమ్మ ఫొటో మీద పరిచింది. పై చుక్క అతికినట్టు సరిపోయింది. కిందది మిగిలింది.

పై చుక్క చెరిపింది. టైలరమ్మ తెర మీద కింది చుక్కను వేలితో నొక్కి, చటుక్కున చెయ్యి లాక్కుంది.

"ప్రింటు తియ్యండి."

ఆమె వెళ్లిపోయినా అక్క కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. ఆర్నెల్ల ఫొటోలు ఒక్కొక్కటే తెరుస్తోంది. అన్నీ నున్నటి గడ్డాలే.

"ఒరే, ఈ ఫొటోలో ఉన్న లెక్కల మాస్టారికి గడ్డం దగ్గర ఏమైనా ఉండేదా?"

"ఏముంటుందక్కా?"

"అదేరా నాకు తెలియాల్సింది."