ఆముదపాకులో ఎక్స్‌పోర్టు దారం

డెబ్బైలలో మేము బొమ్మనహళ్ళికి వచ్చినప్పుడు మా వఠారం వెనక అంతా రాగి చేలే. మా అమ్మ గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి బెంగళూరు వచ్చింది. నేను బడికి పోయే పిల్లని. చేల గట్ల మీద బూరుగు చెట్లు, ఆముదం పొదలు ఉండేవి. ఎండాకాలంలో బూరుగు కాయ పగిలిందంటే మా వాకిలంతా తెల్లటి దూదే. ఆ దూదిని ముక్కున కరుచుకుని పోయే పిట్ట ఒకటుండేది. నెత్తి మీద తుప్పు రంగు, వీపు పాచి రంగు, ఎప్పుడూ నిక్కబొడుచుకున్న తోక. బొటనవేలంత ఒంట్లో అంత గొంతు ఎలా పట్టిందో అనిపించేది. పెద్ద ఆకు అంచుల్లో ముక్కుతో బెజ్జాలు పొడిచి, సాలీడు పోగులతో రెండు అంచుల్నీ దగ్గరికి లాగి కుట్టి, ఆ సంచిలో దూది పరిచి గుడ్లు పెట్టేది. వఠారంలో అందరం దాన్ని టైలరు పిట్ట అనేవాళ్ళం.

నా ఎస్సెస్సెల్సీ అయ్యేసరికి ఎనభైలు వచ్చాయి, చేలు పోయాయి. విదేశాలకు ఎక్స్‌పోర్టు చేసే గార్మెంట్స్ షెడ్లు వరసగా లేచాయి. బూరుగు చెట్లు ఒక్కటి మిగల్లేదు. పిట్ట సంగతి నేనే మరిచిపోయాను. ఒక షెడ్డులో పనికి కుదిరాను. కుట్టు పూర్తయిన చొక్కాలకు వేలాడే దారపు కొసలు కత్తిరించాలి. వేళ్ళ మధ్య ఇమిడే చిన్న కత్తెర, దాన్ని కటర్ అనేవాళ్ళం. సాయంత్రానికి ఒళ్ళంతా దారాలే. జడలో కూడా.

నా పక్క మిషను మీద కాలర్లు కుట్టే అక్క అనంతపురం సరిహద్దులో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఊరు వచ్చి స్థిరపడింది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. మధ్యాహ్నం ఇద్దరం షెడ్డు వెనకాల గోడ నీడన కూర్చుని బాక్సులు తినేవాళ్ళం. అక్కడ మురుగు కాలువ, దాని పక్కన మేము పారబోసే దారాల కుప్ప, కుప్ప పక్కన తనంతట తాను మొలిచిన ఆముదం చెట్టు. పచ్చదనం అంటూ ఉన్నది అదొక్కటే.

ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే ఆ గొంతు వినిపించింది. చిన్నప్పటి పిట్ట గొంతు. తినడం మానేసి చెట్టు చుట్టూ తిరిగాను. కింది కొమ్మన ఒక ఆకు గొట్టంలా చుట్టుకుని ఉంది. దాని అంచుల పొడవునా నీలం కుట్లు. మామూలు నీలం కాదు, ఆ నెలంతా మేము కుడుతున్న చొక్కాల నీలం.

అక్క వచ్చి వంగి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఇది నా కాలరు దారమే ఉండాది అప్పా."

ఆకు పైనుంచి తొంగి చూస్తే లోపల దూది లేదు. పసుపు దారాల ఉండ మెత్తగా పరిచి ఉంది. పసుపు అంతకు ముందు పోయిన ఆర్డరు. చెట్టు నరికి దూది లేకుండా చేశాం, సాలీడు పోగులు దొరికే పొదలు చదును చేశాం. అదేమో మా చెత్తలోనే దూదిని వెతుక్కుంది. నాకు మనసాగలేదు. లోపలికి పరిగెత్తి అందరికీ చెప్పాను. మా లైను లైనంతా వంతులవారీగా వచ్చి చూసింది. ఏం గుంపు అని సూపర్‌వైజరు కూడా వచ్చాడు. కోపంగానే వచ్చాడు గాని, కళ్ళజోడు సర్దుకుని ఆ కుట్లు ఒక్కొక్కటే చూశాడు. ఈ పనికి వంక పెట్టడానికి లేదని కన్నడంలో అని, మమ్మల్ని మిషన్ల దగ్గరికి తోలాడు.

ఆ తర్వాత మా మధ్యాహ్నాలన్నీ ఆ ఆకు చుట్టూనే గడిచాయి. పిల్లలు మూడు. తల్లీ తండ్రీ మురుగు కాలువ మీద ముసిరే దోమల్ని, ఆకుపురుగుల్ని తెచ్చి పెట్టేవి. షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారి మోగినా ఆ పిట్టలు జంకేవి కావు. మా మోత మీద వినబడాలని ఇంకా గట్టిగా అరిచేవి.

రెక్కలొచ్చాయి. ఒక మధ్యాహ్నం రెండు పిల్లలు గెంతి కొమ్మ మీదికి, అక్కణ్ణుంచి గోడ మీది ఇనుప ముళ్ళ తీగ మీదికి చేరాయి. మూడోది రెక్కలు కొట్టుకుంటోంది, లేస్తోంది, మళ్ళీ గూట్లో పడుతోంది. సాయంత్రం బెల్లు కొట్టినా అదే తీరు. దగ్గరికి పోయి చూస్తే దాని కాలికి గూటి కుట్టులోంచి వేలాడే నీలం దారం మెలి వేసుకుని ఉంది. మెలి ఎంత బిగిసిందంటే కాలి రంగే మారింది. తల్లి మాత్రం దానికి తిండి తేవడం మానలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ నైట్ డ్యూటీకి తయారవుతోంది. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటూనే అంతా విని, ఒకటే అంది. "లాగబాకు. ముందు తడుపు. సందు చేసి, చర్మానికి తగలకుండా కత్తిరించు." ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

తెల్లారగానే అక్కను తోడు పిలుచుకుని బెల్లు కంటే ముందే వెళ్ళాను. అక్క ఆకును రెండు అరచేతుల్లో అదిమి పట్టింది. తల్లి మా నెత్తిన రెక్కలాడిస్తూ ఒకటే తిట్లు. పిల్లను ఎడం చేతి మీదికి తీసుకుని, వేలిని నీళ్ళలో ముంచి మెలి మీద అద్దాను. కటర్ మొన దారం కిందకి పోలేదు. మళ్ళీ తడిపాను. ఈసారి వెంట్రుకంత సందు దొరికింది. రోజూ వందల కొసలు కత్తిరించే కటర్‌ని ఆ సందులోకి దూర్చాను.

"ఊపిరి బిగబట్టుకో," అంది అక్క.

దారం పుటుక్కున తెగింది. పిల్ల నా చేతి మీదినుంచే లేచింది. లేచి గోడకు తగలబోయి, తప్పించుకుని, ముళ్ళ తీగ మీద ఒంటి కాలి మీద వాలింది. రెండో కాలు కడుపు కిందే ముడుచుకుని ఉంది. తల్లి దూరం నుంచి పిలిచింది. పిల్ల ఆ కాలు కిందికి దించింది, ఒకసారి తూలింది, తీగను పట్టుకుంది. తర్వాత కాలువ దాటి ఎగిరిపోయింది. అక్కా నేనూ ఒకరి భుజాలొకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం.

ఖాళీ అయిన గూటిని విప్పి చూస్తే సంగతి తెలిసింది. ఆ పిట్ట ముడి వెయ్యదు. సాలీడు పోగైనా, నూలు దారమైనా కొస విచ్చుకుని బెజ్జంలో ఇరుక్కుంటుంది, అదే దాని ముడి. మా పాలియెస్టరు దారం విచ్చుకోదు. జారి ఉచ్చులా వేలాడుతుంది, తెంపుదామన్నా తెగదు. సూపర్‌వైజరుకు ఆ గూడు తీసుకెళ్ళి చూపించాం. ఆయన దారాన్ని రెండు వేళ్ళతో లాగి చూసి, పాలియెస్టరు కొసలకు మూలన ఒక గోనెసంచి కట్టించాడు. నూలు కొసలు మాత్రం చెట్టు దగ్గర వేసుకోమన్నాడు. మొదట్లో కొందరు విసుక్కున్నారు, తర్వాత చేతికి అలవాటైపోయింది.

ఆ చెట్టు ఎక్కువ కాలం నిలవలేదు. షెడ్డు పెంచడానికి కాలువ పూడ్చారు, ఆముదాన్ని వేళ్ళతో పెకలించారు. కొత్త గోడ లేచిన రోజు నాకు అన్నం సయించలేదు. పిట్టలు ఇక రావనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున గేటు దగ్గర అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆఫీసు ముందు పాత నూనె పీపాలో అందం కోసం మెట్టతామర పెంచేవాళ్ళు. బస్సులు దుమ్ము రేపుకుంటూ పోయే హోసూరు రోడ్డుకు నాలుగడుగుల దూరం. ఆ మెట్టతామర ఆకు మీద, తోక నిక్కబొడుచుకుని, నోట తెల్లటి నూలు పోగుతో, పిట్ట మొదటి బెజ్జం పొడుస్తోంది.