శివారు వాళ్ళు ముందు మాట్లాడే బడి మీటింగు

మా అబ్బాయి చదివే సర్కారు బడి కమిటీలో నేను రెండేళ్ళుగా సభ్యురాలిని. గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, ఈ రెండేళ్ళలో నేను చేసిన పనల్లా సంతకాలు పెట్టడమే. కర్నూలులో మా ఇంటికే రిజిస్టరు వస్తుంది. ఎక్కడ పెట్టాలో తెచ్చినావిడ వేలితో చూపిస్తుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి నేను గీకేస్తాను. పైన ఏం రాసి ఉందో ఒక్కసారీ చదవలేదు. ఈ మాట ఫోనులో మా పిన్ని కూతురు రాధతో అంటే పకపకా నవ్వింది. రాధ ఉండేది రాయచూరు జిల్లాలో, మాన్వికి అవతల, తుంగభద్ర కాలువ కింద ఒక క్యాంపులో. కోస్తా నుంచి వెళ్ళి అక్కడ వరి పండించుకుంటున్న వాళ్ళ ఊళ్ళను క్యాంపులనే అంటారు. తనూ వాళ్ళ బడి కమిటీలో సభ్యురాలే. "మా మీటింగు రెండు గంటలు సాగుద్దక్కా. మధ్యలో వాదులాటలు కూడా ఉంటాయి. వచ్చి చూడు" అంది. వాదులాటలు అనగానే నాకు హుషారొచ్చింది. మీటింగు శనివారం. శుక్రవారం సాయంత్రమే బస్సెక్కి రాయచూరు చేరి, ఒక లాడ్జిలో దిగాను.

పొద్దున ఆరున్నరకు లాడ్జి ముందు ఆటో మాట్లాడాను. బస్టాండుకు అరవై అన్నాడు, నేను నలభై అన్నాను, యాభైకి కుదిరింది. నడిపే పెద్దాయన తరాలుగా రాయచూరులోనే ఉంటున్న తెలుగాయన. "గింత పొద్దుగాల ఏడికి పోతున్నరమ్మా?" అని అడిగాడు. మాన్వి దాటి ఒక బడిలో మీటింగు చూడ్డానికి అని చెప్పాను. అద్దంలో నన్ను ఎగాదిగా చూశాడు. "మీటింగ్ల సూడనీకి ఏముంటదమ్మా? కుర్సీలుంటయి, చాయ్ ఉంటది. ఖిల్లా సూడుండ్రి, మంచిగుంటది." తిరిగి వచ్చేటప్పుడు కోట తప్పకుండా చూస్తానని మాటిచ్చాను. చూడలేదు, ఆయన ఇది చదవడని ధైర్యం.

ఏడింటికి మాన్వి బస్సు దొరికింది. కర్ణాటకలో ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదని నేనూ ధీమాగా ఆధార్ కార్డు చాచాను. కండక్టరు దాన్ని ఒకసారి తిప్పి చూసి, "ఆంధ్రా కార్డ్ నడ్వదక్కా, టికెట్ తీస్కో" అని అరవై చిల్లర తీసుకున్నాడు. ఆ బస్సులో మగవాళ్ళూ నేనూ మాత్రమే టికెట్టు కొన్నాం. దారిలో కల్మల అనే ఊళ్ళో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు గుంపుగా ఎక్కారు. పత్తి తీతలు ముమ్మరంగా నడుస్తున్న రోజులు, ఒక్కొక్కరి నడుముకూ పాత చీరతో కుట్టిన ఒడిసంచి చుట్టి ఉంది. ఎనిమిదిన్నరకు మాన్విలో దిగి, బస్టాండు ఎదురుగా బండి దగ్గర ముప్పై రూపాయలకు ఒగ్గరణె, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బొరుగులతో చేసే ఆ పదార్థాన్ని మా కర్నూలులో ఉగ్గాణి అంటాం. మాదే బాగుంటుందని బండావిడతో అనబోయి, బజ్జీ కొరికాక మానేశాను.

అక్కణ్ణుంచి క్యాంపుకు షేరు ఆటో, ముప్పై రూపాయలు. డ్రైవరు మనుషులు నిండేదాకా అరగంట కూర్చోబెట్టాడు. కాలువ గట్టు వెంబడి వెళ్తూ, "బడికాడ దిగ్తరా, ఆఖరికి పోతరా? యాడ దిగినా ముప్పయే" అన్నాడు. బడి దగ్గరే అన్నాను. నాతోపాటు కూర్చున్న ఇద్దరు కూలి ఆడవాళ్ళు దిగలేదు. ఆటో వాళ్ళను తీసుకుని గట్టు వెంట ముందుకు పోయింది. అటు ఇంకా ఏముందని నేను అడగలేదు.

శనివారం ఒంటిపూట బడి. పదకొండున్నరకు గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు. ఐదో తరగతి గదిలో పిల్లల బెంచీల మీదే సభ్యులు పన్నెండు మంది దాకా సర్దుకున్నారు. అందరూ ఆ బడి పిల్లల తల్లిదండ్రులే. హెడ్మాస్టరు కన్నడాయన, తెలుగు బాగా వచ్చు. కమిటీ కార్యదర్శిగా రిజిస్టరు రాసేది ఆయనే. అధ్యక్షుడు సత్యం గారు నలభై ఐదేళ్ళ రైతు. ఆయనకు వేరే కుర్చీ ఉంటుందనుకున్నాను, అందరితోపాటు బెంచీలోనే ఇరుక్కున్నాడు. వెనక బెంచీలో రాధ పక్కన కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

మొదలుపెట్టే ముందు రాధ నా చెవిలో అక్కడి పద్ధతి చెప్పింది. పై పొలాల వాళ్ళు ముందు తూములు తెరుచుకుంటే కాలువ చివర ఉండే శివారు భూములకు చుక్క రాదు. ఈ గొడవ క్యాంపులో తాతల కాలంలో తలకాయలు పగిలేదాకా వెళ్ళింది. చివరకు పెద్దలు కూర్చుని, శివారు తడిశాకే పై తూము తెరవాలని కట్టుబాటు చేసుకున్నారు. సత్యం గారు అధ్యక్షుడయ్యాక అదే కట్టుబాటును బడికి తెచ్చారు. శివారు పొలం వాళ్ళు ముందు మాట్లాడతారు. అక్కణ్ణుంచి కాలువ వెంట ఒక్కొక్కరే పైకి. కాలువ పై కొసన, బడికి ఎదురింట్లో ఉండే అధ్యక్షుడు అందరికన్నా ఆఖర్న. పెద్ద నోరున్నవాళ్ళు తమ వంతు వచ్చేదాకా నోరు మూసుకోవాల్సిందే. మా వీధిలో ఇది పెడితే సగం మంది మీటింగుకే రారనుకున్నాను.

శివారు పొలం వెంకటరత్నం గారిది. మొదటి విషయం మంచినీళ్ళ ట్యాంకు. చిన్నపిల్లలకు కుళాయి అందడం లేదని ఆయన మొదలెట్టాడు. ఒకరు కింద ఇంకో కుళాయి వేద్దామన్నారు, ఒకరు మెట్టు కడితే చాలన్నారు, రాధ మెట్టు మీద పాచి పట్టి జారతారని అడ్డుపడింది. వాదించుకుని వాదించుకుని కుళాయే ఖాయం చేశారు. సత్యం గారి వంతు వచ్చేసరికి చెప్పడానికి ఏమీ లేదు. "నాకేం మిగల్చలేదండీ మీరు. రాసుకోండి మాస్టారూ" అన్నాడు. నాకు భలే నచ్చింది.

నోటీసులో రాసిన రెండో విషయం, బడికి పసిపిల్లల్ని తేవడం. అక్కడికి వచ్చేసరికి గది గంభీరమైంది. ఐదో తరగతి చదివే రేణుక, పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి ఏడాదిన్నర చెల్లెల్ని చంకనేసుకుని బడికి వస్తోంది. తల్లి మారెమ్మ కూలికి వెళ్తుంది, తండ్రి బెంగళూరులో కట్టడాల పనిలో ఉన్నాడు. అదే ఆవరణలో ఉన్న అంగన్‌వాడీలో మూడేళ్ళు నిండితేగానీ కూర్చోబెట్టుకోరు. పోయిన వారం ఆ పాప తప్పటడుగులు వేసుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. అప్పుడే దించిన సాంబారు గిన్నె అంచు పట్టుకోబోతుంటే వంటావిడ పాపను గౌను పట్టి వెనక్కి లాగింది.

"నేను కళ్ళారా చూశానండి" అన్నాడు వెంకటరత్నం. "ఆ రాత్రి అన్నం సయించలేదు. పరీక్ష మధ్యలో ఏడుపంటే సర్దుకుంటాం. రేపు ఆ పసిదానికి ఏవన్నా అయితే మనకి నిద్ర పడుద్దా? సోమవారం నుంచి పసిపిల్లల్ని బడిలోకి తేవద్దని తీర్మానం రాయండి."

ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. ఒక్కొక్కరే సరేనన్నారు. రాధ కాసేపు ఆలోచించి, "మరి రేణుక బడి మానేస్తుందేమో" అంది. "వాళ్ళమ్మ ఏదో ఏర్పాటు చేసుకుంటుందిలే" అన్నారు పక్కావిడ. రాధ కూడా తలూపింది. నన్నడిగినా అదే అనేదాన్ని. హెడ్మాస్టరు కన్నడంలో చకచకా రాసేసి, సంతకాలకు రిజిస్టరు తిప్పాడు.

సత్యం గారు పేర్లు చూసుకుంటూ, "మారెమ్మ కూడా సభ్యురాలే కదండీ. ఆమెది?" అని అడిగాడు.

"ఆమె ఎప్పుడూ రాదు సార్, కూలి పోతుంది కదా. రేణుక చేతికి రిజిస్టర్ ఇచ్చి పంపిస్తాను. వేలిముద్ర వేసి పంపిస్తుంది. ఎప్పుడూ అంతే" అన్నాడు హెడ్మాస్టరు.

నా పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. కిటికీలోంచి చూస్తే రేణుక వరండాలోనే ఉంది. ఇంటికి వెళ్ళకుండా, చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. తన చదువు ఆపే కాగితాన్ని ఆ పిల్లే ఇంటికి మోసుకెళ్ళాలి.

అప్పుడే గుమ్మంలో ఒకామె కనిపించింది. నడుముకు ఒడిసంచి, జుట్టులో పత్తి పింజలు, పొలం నుంచి పరుగున వచ్చినట్టు రొప్పుతోంది. "ఆలస్యమయ్యె సార్" అని గుమ్మం పక్కన నేల మీదే కూర్చుంది. బెంచీ మీదికి రమ్మంటే, "ఈడనే మంచిగుంది" అంది. ఆమే మారెమ్మ. సొంతూరు రాయచూరు వైపు యాపలదిన్ని, కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయిందట.

సత్యం గారు ఆమెను చూశాడు, వెంకటరత్నాన్ని చూశాడు. "మీ గుడిసెలు ఎక్కడికొస్తాయమ్మా?"

"కాలవ ఆఖర్ల సార్. రత్నం సార్ సేను దాటినంక."

సత్యం గారు రిజిస్టరు మూశాడు. "చూశారా, మనం పొలాలు లెక్కపెట్టుకున్నాం. పొలం లేని శివారు మన లెక్కలోకే రాలేదు. ఆ తీర్మానం కొట్టేయండి మాస్టారూ. మళ్ళీ మొదట్నుంచి."

"అందరూ ఒప్పుకున్నారు కద సార్" అన్నాడు హెడ్మాస్టరు.

"శివారు తడవకుండా పై తూము తెరిచామండీ. తప్పు మనదే. చెప్పమ్మా, నువ్వు ముందు."

మారెమ్మ కొంగు సవరించుకుంది. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ వణకలేదు. "రత్నం సార్ జెప్పింది గలత్ కాదు సార్. గిన్నెకాడికి పోయిందంటే నాకు గుడ్క పానం పోయినంత పనయ్యె. సేన్లకి తీస్కపోతే మందు కొట్టిన పత్తి నోట్ల పెట్టుకుంటది. ఇంట్ల ఎవరు లేరు. మీరు వద్దంటే పెద్దదాన్ని బడి ఇడిపిస్త, ఇంకేం జేయాలె?"

"ఇవాళ ఇది మాట్లాడతామని నీకెలా తెలిసిందమ్మా?" అని సత్యం గారు అడిగాడు.

"నోటీసు ఒచ్చె గద సార్. ఎన్నిసార్లు గిట్ల కాయితాలు ఒచ్చినయో, ఏం రాసిరో తెల్వకనే ఏలుముద్ర ఏసి పంపిస్తి. నిన్న మాపున మా పిల్ల సదివి సెప్పె. 'అమ్మా, నన్ను బడి మాన్పనీకి నువ్వు ముద్ర ఏయాల్నంట' అనె."

వెంకటరత్నం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "సోమవారం పాపను మా ఇంట్లో దింపమనమ్మా రేణుకని" అన్నాడు. "దారిలోనే కదా. మా అమ్మ పొద్దస్తమానం అరుగు మీద ఖాళీగానే కూర్చుంటుంది. మధ్యాహ్నం అన్నం గంటకి రేణుక వచ్చి చూసుకోవచ్చు."

ఇక అక్కణ్ణుంచి కాలువ వెంట వంతులు కదిలాయి. మంగళవారం ఒకరు, బుధవారం రాధ. ఎదురింటి సత్యం గారికి శనివారం వచ్చింది. పత్తి అయిపోయేదాకా నీళ్ళ వంతుల పట్టీ రాసుకున్నట్టే పాప పట్టీ రాసుకున్నారు. గురువారం వంతు సంగతి తన భార్యను అడిగి చెప్తానన్నాయన్ని అందరూ నవ్వుతూ ఏడిపించారు. హెడ్మాస్టరు పాత తీర్మానం మీద అడ్డంగా గీత కొట్టి, కింద కొత్తది రాసి, ఇంకు డబ్బీ మారెమ్మ ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు ముడుచుకుంది.

"సదివినంక ఏస్త సార్."

రేణుకను లోపలికి పిలిచారు. ఆ పిల్ల చెల్లెల్ని చంకనేసుకునే రిజిస్టరు ముందు నిలబడి కన్నడంలో పైకి చదివింది. ఒక పొడుగాటి సర్కారు మాట దగ్గర ఆగితే హెడ్మాస్టరు అందించబోయాడు. "నేనే చదువుత సార్" అని కూడబలుక్కుని చదివేసింది. చివరి వాక్యం 'ఎల్లరూ ఒప్పిదరు', అంటే అందరూ ఒప్పుకున్నారని. అక్కడ ఆగి తల్లి వంక చూసింది. మారెమ్మ తలూపి, అప్పుడు వేలిముద్ర వేసింది. నాకు కళ్ళు చెమర్చాయి. పక్కన రాధ కూడా ముక్కు ఎగబీలుస్తోంది.

మీటింగు చూడ్డానికి ఏముంటుందన్న రాయచూరు పెద్దాయన మాట తిరుగు ప్రయాణంలో గుర్తొచ్చింది. కుర్చీలూ లేవు, చాయ్ కూడా రాలేదు. అక్కడ నేను చూసినవాళ్ళేమీ దేవుళ్ళు కారు. మంచి కట్టుబాటు పెట్టుకుని కూడా దాని అంచు ఎక్కడుందో మరిచిపోయారు, నాలాగే మరిచిపోయారు. కాకపోతే ఒక మనిషి గుమ్మంలో కనిపించగానే రాసిన తీర్మానం కొట్టేశారు, దాన్ని చిన్నతనం అనుకోలేదు. పోయిన వారం మా ఇంటికి రిజిస్టరు వచ్చింది. పొయ్యి కట్టేసి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టాను. తెచ్చినావిడకు చిరాకొచ్చింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

మీరు వెళ్ళాలనుకుంటే హెడ్మాస్టరుకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి, సాయంత్రం నాలుగు దాటితే మాన్వికి ఆటోలు ఉండవు. ఇంకొక్క మాట, బడి దగ్గర దిగకండి. ఆటో కాలువ ఆఖరిదాకా వెళ్తుంది, ఎక్కడ దిగినా ముప్పయే. అక్కడ దిగి బడిదాకా వెనక్కి నడవండి.