పిడికిట్లో పోయిన తాళంచెవి

దయ్యాల్ని నేను నమ్మను. కొత్త కారుకి నిమ్మకాయ కట్టేవాళ్లని ఆఫీసులో ఏడిపించేది నేనే. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నాకు పెళ్లయి తొమ్మిది రోజులు. మూసాపేటలో మేడమీద వాటా మాది, కింద ఓనరమ్మ. ఆ రోజు బంద్. బస్సుల్లేవు, బండి తీస్తే టైర్లలో గాలి తీసేస్తారు. అయినా రావాల్సిందేనని మేనేజరు పట్టుబట్టడంతో తెల్లారగానే హైటెక్ సిటీకి నడక మొదలుపెట్టాను.

పదింటికి కాస్త ముందు, నేను ఆఫీసులో ఉండగా, మా ఆవిడ సుజాత ఫోన్ చేసింది.

"మీరు బయట తాళం వేసుకుని వెళ్లిపోయారండి."

గొంతులో కోపం లేదు. దాంతో నాకు మరీ భయమేసింది.

ఐదేళ్లు ఒంటరిగా బతికిన అలవాటు. ఆమె స్నానానికి వెళ్లింది, నేను షూ వేసుకుని, తలుపు లాగి, గొళ్లెం పెట్టి తాళం బిగించాను. ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న సంగతి నా చేతులకి ఇంకా తెలియలేదు. పెళ్లాన్ని లోపల పెట్టి తాళం వేసే రకం అనుకుని పుట్టింటికి వెళ్లిపోతే? ఓనరమ్మకి చెప్పొద్దని బతిమాలి, గంటలో వస్తానని అబద్ధమాడి వెనక్కి బయల్దేరాను.

ఆ తాళంచెవి గురించి చెప్పాలి. అసలువి రెండూ నేనే పారేసుకుంటే, బాలానగర్‌లో ఒకాయన ఆకురాయితో రాకి చేసిచ్చిన ఇత్తడిది. ఉన్నది అదొక్కటే. లోపల పెట్టి, కాస్త పైకెత్తి తిప్పితేగానీ తాళం రాదు. ఆ కిటుకు పట్టుబడడానికి నాకే నెల పట్టింది.

దారిపొడుగునా దాన్ని కుడిచేతిలో బిగించి పట్టుకునే నడిచాను. పదీ ఇరవైకి మళ్లీ సుజాత ఫోన్. ఈసారి తిట్లే అనుకుని తీయలేదు. ఈ సమయం గుర్తుంచుకోండి.

కూకట్‌పల్లి దగ్గర రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. నిరసనగా రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినడమన్నమాట. పప్పులో పసుపు వేస్తున్న పెద్దాయన ఒకరు ఉన్నట్టుండి వెనక్కి పడిపోయారు. పసుపంతా చొక్కా మీద ఒలికింది. ఫిట్స్.

చేతిలో ఇనుము పెట్టాలని అందరూ వెతుకులాట. గరిటె చూస్తే కాలిపోతోంది. బంద్ కాబట్టి ఎవరూ బండి తేలేదు, ఏ జేబులోనూ తాళంచెవి లేదు. అందరి కళ్లూ నా పిడికిలి మీద పడ్డాయి.

ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. అప్పుడు ఫోన్లో పదకొండూ ఐదు. తర్వాత సైన్సు మొదలుపెట్టాను. ఫిట్స్ చాలావరకు వాటంతటవే ఆగుతాయండి, పక్కకి తిప్పి పడుకోబెడితే చాలు, పైగా ఇది ఇనుము కాదు, ఇత్తడి అన్నాను. అన్నీ నిజాలే. ఇంట్లో పెళ్లాన్ని పెట్టి తాళం వేశానన్న అసలు నిజం చెప్పడానికి మాత్రం సిగ్గేసింది.

ఉల్లిగడ్డలు కోస్తున్నావిడ తలెత్తి చూసింది. "జర ఇయ్యి అన్నా. పాణం కన్న తాళంచెవి ఎక్కువనా?"

ఇచ్చాను. ఆయన వేళ్లు దాని మీద బిగుసుకున్నాయి. కాసేపటికి ఫిట్స్ తగ్గాయి గానీ పిడికిలి విడలేదు. అంబులెన్స్ వచ్చి ఆయన్నీ, ఆ పిడికిలినీ, నా కాపురాన్నీ కలిపి ఎక్కించుకుపోయింది.

తాళం పగలగొట్టడానికి దారిలో ఒక రాయి ఏరుకుని ఇల్లు చేరాను. తలుపు బార్లా తెరిచి ఉంది. సుజాతా ఓనరమ్మా కూర్చుని అన్నం తింటున్నారు. గుమ్మంలో రాయి పట్టుకుని నేను. తాళంచెవి గోడకున్న మేకుకి వేలాడుతోంది. అదే ఇత్తడి, అవే ఆకురాయి గీతలు.

ఎవరో పెద్దాయన వచ్చి తీశాడట. మొదటిసారికే, పైకెత్తి తిప్పి మరీ. మంచినీళ్లు అడిగితే ఓనరమ్మే ఇచ్చింది.

"అంగి నిండ పసుపే ఉండె," అంది ఆవిడ.

తలుపు తెరుచుకుందని చెప్పడానికే సుజాత నాకు ఫోన్ చేసిందట. పదీ ఇరవైకి.

పదీ ఇరవైకి తాళంచెవి నా చేతిలో ఉంది. నేను దాన్ని ఇచ్చింది పదకొండు దాటాక. రెండు సమయాలూ ఫోన్లో నమోదయ్యాయి, ఆ ఫోను పాడయ్యేదాకా చెరపలేదు.

మర్నాడు కూకట్‌పల్లి వెళ్లి అడిగాను. పెద్దాయన కులాసాగా ఉన్నాడు, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే, పడిపోయాక సాయంత్రం దాకా దవాఖానలోనే ఉన్నాడని చెప్పారు. అక్కడ పిడికిలి విప్పితే ఏమీ లేదట. నేనే తీసుకుపోయాననుకున్నారు.

ఇంటికొచ్చి సుజాతని అడిగాను, నన్ను ఒక్క మాటా ఎందుకనలేదని. తాళం తీసినాయన వద్దన్నాడని చెప్పింది.

"మీ ఆయనను ఏమనకు బిడ్డా. ఇచ్చేముందు జరసేపు ఆలోచించిండు గని, ఇచ్చిండు," అన్నాడట.

ఆ మాట అన్నప్పటికి నన్నింకా ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఇంటికి ఇప్పుడు మూడు తాళంచెవులు, ఒకటి ఎప్పుడూ సుజాత దగ్గరే ఉంటుంది. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాను, మనిషిని పక్కకి తిప్పుతాను, ఎవరూ అడక్కముందే నా తాళంచెవి తీసి ఇచ్చేస్తాను. సైన్సు మాత్రం మాట్లాడను.